ఇన్సేన్ మావయ్య నోటిపూత

ఈ వారం కొంచెం ఇంటి కథ, కొంచెం వైద్యచరిత్ర.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలనేవారు. అది కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే, కానీ ఆ పిలుపులో చులకన ఉండేది. 1942లో యుద్ధానికి జడిసి కొందరు, 1964 ప్రాంతంలో వ్యాపారాలు జాతీయమయ్యాక ఇంకొందరు తిరిగొచ్చేశారు. పెద్దమావయ్య మాత్రం ఇన్సేన్ వదల్లేదు.

అమ్మమ్మది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకోవడం. ఈ అలవాటు మీద పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించి 1971లో వ్యాసం ప్రచురించింది. మావయ్యది పొగాకు కిళ్ళీ. చివరికి బుగ్గలో పుండు క్యాన్సరని తేలింది, రేడియేషన్ మొదలుపెట్టారు.

మూడోవారానికి నోరంతా పూసింది. కూర సంగతి సరే, గంజి కూడా దిగలేదు. "ఇక నావల్ల కాదురా" అని ఫోన్లో అన్నాడు. పదిరోజులు మానేశాడు.

ప్యారిస్‌లో అన్రీ కూతార్ 1920లలోనే రేడియేషన్‌ను రోజూ కొంచెం కొంచెంగా వారాల తరబడి ఇచ్చి, గొంతులోపలి పొర ఎప్పుడు పూస్తుందో, ఎప్పుడు మానుతుందో గమనించి రాశాడు. నోటి పొర త్వరత్వరగా కొత్తదవుతూ ఉంటుంది, అందుకే దానికే ముందు దెబ్బ. అయితే చికిత్స మధ్యలో ఆపితే క్యాన్సర్ కణాలూ తేరుకుని పెరుగుతాయి. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిస్తే బతిమాలి పంపేవాణ్ణి.

ఇప్పుడు చెప్పేవి ఇవి. మొదలుపెట్టక ముందే పళ్ళ డాక్టరుకి చూపించుకుని పుచ్చినవి బాగుచేయించుకోవాలి. మెత్తని బ్రష్షు వాడాలి. మోస్తరు మోతాదు రేడియేషనైతే బెంజిడమీన్‌తో పుక్కిలించడం, వసతి ఉన్నచోట తక్కువశక్తి లేజరు కాంతి, ఈ రెంటినీ అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫార్సు చేస్తున్నాయి. అందరూ కొనే క్లోర్‌హెక్సిడిన్ ఈ పూతని ఆపదు. ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళు పూతని ఆపుతాయని రుజువు లేదు, నోటిని శుభ్రంగా తడిగా మాత్రం ఉంచుతాయి. తేనె గురించి చాలామంది అడుగుతారు. 2020 మార్గదర్శకాల్లో దానికీ చోటిచ్చారు, కానీ పళ్ళకి తీపి చేటు, మధుమేహం ఉంటే మరీను, డాక్టర్ని అడిగి వాడండి.

మావయ్య మళ్ళీ వెళ్ళి చికిత్స పూర్తిచేశాడు. ఏడాదిన్నరకి జబ్బు తిరగబెట్టింది. ఆ పదిరోజుల వల్లేనని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను.

పోయిన నెల ఇన్సేన్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. వాళ్ళాయనకి వచ్చే వారం నుంచి రేడియేషనట. "ముందు పళ్ళు చూపించు తల్లీ" అన్నాను.