ఏనుగు బొమ్మ ఉన్న స్కాట్లాండు టోపీ బిళ్ళ



'బిళ్ళబంట్రోతు' అన్న మాట మీరెరిగినదే. పట్టీపై ఇత్తడి బిళ్ళ ధరించిన జవానుకు మన పూర్వులు పెట్టిన పేరది. మనిషి ఎవరి కొలువులో ఉన్నాడో ఆ బిళ్ళయే చెప్పేది. బ్రిటిష్ సైనికుని టోపీ బిళ్ళ చేసే పని కూడా ఇదే. వీటిని సేకరించేవారిలో స్కాట్లాండు పటాలాల బిళ్ళలకు ప్రాణమిచ్చేవారు ఎందరో కలరు. ఆ పటాలాల కథలో మన నేలకూ, మనవారికీ చోటున్నది గనుక ఈ నాలుగు మాటలు.

మహారాష్ట్రలో స్థిరపడిన మన తెలుగువారికి జాల్నా ప్రాంతపు అసాయే గ్రామం దూరం కాదు. 1803 సెప్టెంబరు 23న అక్కడ ఆర్థర్ వెల్లస్లీ సేనకూ, దౌలత్‌రావు సింధియా, నాగపూరు భోంస్లేల సేనలకూ ఘోరయుద్ధం జరిగింది. వెల్లస్లీ పక్షాన 74వ, 78వ స్కాట్లాండు పటాలాలు పోరాడాయి. 74వ పటాలం ఫిరంగులకు ఎదురుగా చిక్కుకొని, దాదాపు 500 మందిలో సుమారు 400 మంది చనిపోగా, గాయపడగా, ఛిన్నాభిన్నమైంది. ఆ యుద్ధానికి గుర్తుగా వారికి ఏనుగు చిహ్నం దక్కింది. 1881లో 71వ, 74వ పటాలాలు కలిసి హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీగా మారాయి. వారి టోపీ బిళ్ళలో నక్షత్రం, దాని నడుమ బూర, పెనవేసిన మూడక్షరాలు, పైన కిరీటం, క్రింద 'అసాయే' అన్న పేరు, ఆ పేరు దిగువన చిన్న ఏనుగు కనిపిస్తాయి. మరాఠ్వాడా పల్లె పేరును గ్లాస్గో కుర్రవాడు 1959 వరకు నెత్తిన పెట్టుకొని తిరిగాడన్నమాట! ఆ ఏడు ఈ పటాలం మరొకదానితో కలిసిపోయింది.

అసాయేలో నేలకొరిగినది స్కాట్లాండువారు మాత్రమే కాదు. వారి ప్రక్కనే మద్రాసు సిపాయిల పటాలాలు నిలిచాయి. ఆనాటి మద్రాసు సైన్యంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అన్న పేరు వచ్చినది మన తెలుగు పేరునుండియే. ఆ మద్రాసు పటాలాలకు కూడా ఏనుగు గౌరవం లభించింది. నేటి భారత సైన్యంలోని మద్రాసు రెజిమెంటు చిహ్నంలో ఉన్నది ఆ ఏనుగే. ఈ రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్. తమిళనాడు మిత్రులు పిల్లలను ఊటీ విహారానికి తీసుకొని వెళ్ళునప్పుడు ఈ సంగతి చెప్పవచ్చును. పాఠ్యపుస్తకంలో ఇది దొరకదు.

ఇక గుర్తుపట్టే విధానం. మొదట బొమ్మను చూడండి. దుప్పి తల ఉంటే రెండు పటాలాలు మదిలో మెదలాలి. చుట్టూ ఐవీ తీగ దండ ఉంటే గార్డన్ హైలాండర్స్. దండ లేక, క్రింద పట్టీ మాత్రమే ఉంటే సీఫోర్త్ హైలాండర్స్. అడవిపంది తల, పిల్లి కలిసి ఉంటే ఆర్గైల్ అండ్ సదర్లాండ్. కోట ఉంటే కింగ్స్ ఓన్ స్కాటిష్ బోర్డరర్స్.

భాష చెప్పేవారు ఆగవలసిన చోటు ఆ క్రింది పట్టీ. బ్లాక్ వాచ్ బిళ్ళ మీది సూక్తి లాటిన్. గార్డన్ వారి 'బైడాండ్' స్కాట్స్ పలుకు; చలించక నిలుచుట అని అర్థం. సీఫోర్త్ వారిది గేలిక్, 'రాజుకు తోడ్పడు' అని భావం. 1872 నాటి స్కాట్లాండు విద్యాచట్టం గేలిక్ బోధనకు చోటే ఇవ్వలేదు. బడిలో చోటు దొరకని భాష సైనికుని టోపీ మీద మిగిలింది. ఇరుగుపొరుగు రాష్ట్రాలలో తెలుగు బోధించే మనకు ఆ వింత వేరే వివరించనక్కరలేదు.

కాలం తెలుసుకొనుటకు కిరీటం ఆధారం. కమానులు గుండ్రంగా గోపురంవలె లేచి ఉంటే 1901 తరువాతి రాజుల కాలం; నడుమ క్రుంగి ఉంటే 1952 తరువాతి ఎలిజబెత్ రాణి కాలం. 2022లో గద్దెనెక్కిన చార్లెస్ రాజు మరల గుండ్రని కిరీటాన్నే ఎంచుకొన్నారు గనుక, ఇకపై అది చూచి పాతదని మురిసిపోరాదు. గార్డన్ దుప్పి క్రింద ఉన్నది రాజకిరీటం కాదు, ప్రభువుల మకుటం. దానితో కాలం లెక్కకట్టలేము.

నకళ్ళు విస్తారం. అసలు బిళ్ళను అచ్చుతో గుద్దేవారు. అందువలన ముందు ఉబ్బిన చోట సాధారణంగా వెనుక గుంట ఉంటుంది, గీతలు పదునుగా ఉంటాయి. పోతపోసిన నకలు వెనుక చదునుగానో, సన్నని రంధ్రాలతోనో ఉంటుంది. దుప్పి కన్ను, ఏనుగు తొండం మొద్దుబారి కనిపిస్తాయి. అయితే అసలు అచ్చులతోనే తరువాత గుద్దినవి కూడా అంగడికి వచ్చాయి. వాటి దగ్గర నిపుణులే తడబడతారు. నా మాట అడిగితే, వెల హెచ్చుగా చెప్పిన బిళ్ళను రెండవ మనిషికి చూపక కొనవద్దు.

బెంగుళూరు, సికింద్రాబాదు, పుణె కంటోన్మెంట్లలో బ్రిటిష్ పటాలాలు ఏళ్ళ తరబడి మకాం ఉన్నాయి. ఆ ప్రాంతాల పాత ఇళ్ళలో ఇటువంటి బిళ్ళ ఏదైనా దొరికితే, దయచేసి పాత సామాన్ల వానికి తూకానికి వేయకండి. చింతపండు పెట్టి తోమకండి కూడా. మెరుపు వస్తుంది, గీతలు పోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ముందు వెనుకలు రెండూ ఫోటో తీయించి, ఎవరి ఇంట, ఎలా దొరికిందో ఒక కాగితంపై వ్రాసి దానితోపాటే దాచండి.