రెండు దోమల సాక్ష్యము

చిత్తడి నేలలమీది చెడుగాలి వలన చలిజ్వరము వచ్చునని ప్రజలు చిరకాలము నమ్మిరి. మలేరియా అను ఇటలీ మాటకు అర్థము కూడ చెడుగాలియే. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో మలేరియా క్రిమిని చూచెను. కాని అది ఒకరినుండి మరియొకరికి ఎట్లు చేరును? దోమ దానిని రక్తముతో పీల్చుననియు, ఆ దోమ చచ్చిపడిన నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు పాట్రిక్ మాన్సన్ ఊహించెను. ఈ ఊహలో కొంత నిజము, కొంత పొరపాటు కలవు. ఏది నిజమో, ఏది పొరపాటో అప్పుడు ఎవరికిని తెలియదు.

రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1895లో సికింద్రాబాదులో ఈ పరిశోధన ప్రారంభించెను. రెండేండ్లపాటు ఎన్నో దోమలను కోసి సూక్ష్మదర్శినితో చూచినను ఫలితము లేకపోయెను. 1897 ఆగస్టులో మచ్చల రెక్కలుగల దోమలు దొరకెను. వాని జాతి పేరైనను ఆయనకు తెలియదు. వానిచేత రోగి రక్తమును త్రాగించి, 20వ తేదీన ఒకదానిని కోయగా, కడుపు గోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. మరునాడు వేరొక దోమలో అట్టి కణములే మరింత పెద్దవిగా నుండెను.

ఇచ్చట విద్యార్థులు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. రాసుకు తెలిసినదెంత? అట్టి కణములు మునుపటి దోమలలో లేవు. రేణువులు మలేరియా క్రిమిలోని రేణువులవలెనే యున్నవి. ఒక్కనాటి తేడాలో కణముల పరిమాణము పెరిగినది. పెరుగునది ప్రాణముగలది. కావున క్రిమి దోమలో పెరుగుచుండవచ్చును. కాని అది మరల మనుష్యునిలోనికి ఎట్లు వచ్చునో తెలియదు.

1897 డిసెంబరులో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసమునకు, మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలోని వింత కణములను గూర్చి అను అర్థమిచ్చు పేరు పెట్టెను. మలేరియా రహస్యము తేలినదని అనలేదు. చూచిన దోమలు రెండేనని పేరులోనే చెప్పెను. అట్లని అంతయు తేలువరకు ఊరకుండనులేదు.

మిగిలిన ప్రశ్నకు 1898లో కలకత్తాలో జవాబు దొరకెను. పక్షుల మలేరియాను పరీక్షించి, క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పక్షులకు సోకుననియు రాస్ చూపెను. నీరు త్రాగుటవలన వచ్చునన్న ఊహ వీగిపోయెను. ఆ యేడాది చివరనే మనుష్యుల మలేరియాకు అనాఫిలిస్ దోమయే వాహకమని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1902లో రాసుకు నోబెల్ బహుమానము లభించెను.

ప్రయోగశాలలో విద్యార్థులచేత ఫలితములు వ్రాయించునపుడు ఉపాధ్యాయులు మూడు వరుసలు గీయింపవచ్చును: చూచినది, దానినిబట్టి ఊహించినది, ఇంకను చూడవలసినది. మూడవ వరుస ఖాళీగా వదలిన విద్యార్థిని మరల ప్రశ్నింపవలెను.