పెదవి కదపని పాట
(సైమన్, గార్ఫంకెల్ జంట చలనచిత్ర గానము)

మన దేశమున చలనచిత్రము మాటలు నేర్చిన నాడే పాటలును నేర్చెను. 1931వ సంవత్సరమున వెలువడిన ‘ఆలం ఆరా’లో ఏడు పాటలుండెను. మరుసటి యేట వచ్చిన తెలుగు ‘భక్త ప్రహ్లాద’ రంగస్థలపు పద్యసంప్రదాయమును వెంటబెట్టుకొనియే వచ్చెను. నాటినుండియు మన చిత్రములలో పాట పుట్టు రీతి చాల వరకు ఒక్కటే. పాత్ర సంతోషించినను, దుఃఖించినను, విరహమున వేగినను నోరు తెరచి పాడును. కంఠము ఘంటసాలవారిదైనను పెదవి కథానాయకునిది. ప్రేక్షకుడు ఆ రెంటిని ఒక్కటిగానే స్వీకరించును.

అమెరికాలో 1967వ సంవత్సరము డిసెంబరు నెలలో వెలువడిన ‘ది గ్రాడ్యుయేట్’ అను చిత్రమున ఈ కట్టుబాటు లేదు. అందలి కథానాయకుడు బెంజమిన్ ఒక్క పాటయైనను పాడడు. పాడుట అటుంచి, నలుగురిలో నాలుగు మాటలు పొందికగా చెప్పుటకే తడబడును. అతడు పలుకలేనిదానిని, తెరపై ఎక్కడను కనబడని రెండు కంఠములు పలుకును. ఆ కంఠములు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ అను ఇద్దరు మిత్రులవి. ఆ చిత్రము వారి కీర్తిని దేశదేశములకు చేర్చెను. మూడేండ్లలోపల వారు విడిపోవుటకు దారితీసిన కారణములలో ఒకటి, ఆ దర్శకుడే తీసిన మరియొక చిత్రము. ఈ రెండు సంగతులను కలిపి చూచినగాని ఆ జంట చరిత్ర బోధపడదని నా అభిప్రాయము.

ఇద్దరును 1941వ సంవత్సరమున మూడు వారముల యెడముతో జన్మించిరి. న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున ఒకే పేటలో పెరిగిరి. 1953లో బడిపిల్లలు ప్రదర్శించిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ నాటకములో సైమన్ తెల్ల కుందేలు వేషమును, గార్ఫంకెల్ పిల్లి వేషమును ధరించిరి. స్నేహము అక్కడ మొదలయ్యెను. పిదప ఎవర్లీ సోదరుల రికార్డులు విని, ఆ పద్ధతిలో జంటస్వరములు అభ్యసించిరి. ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. మన సంగీతములో ఇద్దరు కలిసి పాడినచో సాధారణముగా ఒకే స్వరముపై నిలుతురు. పాశ్చాత్యుల పద్ధతిలో రెండు కంఠములు ఒకే సమయమున రెండు వేర్వేరు స్వరములపై, ఒకదానికొకటి తోడుగా నడచును. గార్ఫంకెల్‌ది పైస్థాయిలో తేలు తేటయైన కంఠము. సైమన్‌ది కొంచెము క్రిందుగా, మాటను స్పష్టముగా పట్టుకొని నడచు కంఠము. రెండును కలిసినప్పుడు ఏది ఎవరిదో చెప్పుట కష్టము.

1957లో ‘టామ్ అండ్ జెర్రీ’ అను మారుపేరుతో ఈ బాలురు ‘హే స్కూల్‌గర్ల్’ అను రికార్డు నిచ్చిరి. అది దేశపు జాబితాలో 49వ స్థానము వరకు ఎక్కెను. తరువాతివి ఎక్కలేదు. ఆ దినములలోనే సైమన్ మిత్రునికి తెలుపక వేరొక పేరుతో ఒంటరిగా ఒక రికార్డు చేసెను. ఆ సంగతి తన మనస్సును నొప్పించెనని గార్ఫంకెల్ దశాబ్దముల తరువాతను చెప్పుకొనెను. చిన్ననాటి స్నేహములలో ఇట్టి ముల్లు ఒకటి మిగులుట అరుదు కాదు. ఈ ముల్లు మాత్రము మిగుల లోతుగా దిగినది.

‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ అను పాటను సైమన్ 1964 నాటికి పూర్తి చేసెను. చీకటి చేసికొన్న స్నానపు గదిలో, కొళాయి నీరు కారుచుండగా, గోడ పలకలనుండి మరలివచ్చు ప్రతిధ్వనిని వినుచు గిటారు వాయించు అలవాటు అతనికుండెను. నిశ్శబ్దముతో సంభాషించు ఆ పాట అట్టి ఏకాంతమున రూపు దిద్దుకొన్నది. అదే సంవత్సరము అక్టోబరులో కొలంబియా కంపెనీ వారి మొదటి సంపుటమును విడుదల చేసెను. మెత్తని గిటారు తప్ప మరి యే హంగును లేని ఆ రికార్డును కొన్నవారు లేరు. సైమన్ ఇంగ్లండునకు పోయి చిన్న చిన్న క్లబ్బులలో పాడుకొనుచుండెను. గార్ఫంకెల్ కొలంబియా విశ్వవిద్యాలయమున చదువులో మునిగెను. కథ అంతటితో ముగియవలసినదే.

ముగియకుండ చేసినవాడు టామ్ విల్సన్ అను రికార్డు నిర్మాత. కొన్ని రేడియో కేంద్రములలో ఆ పాటను విద్యార్థులు కోరి వినుచున్నారని తెలిసి, 1965 జూనులో పాత రికార్డింగుపై విద్యుత్ గిటారును, డ్రమ్ములను క్రొత్తగా చేర్పించెను. జానపదపు మెత్తని పాటకు రాక్ సంగీతపు తాళము కట్టు ఈ సమ్మేళనమునకే ఫోక్ రాక్ అని పేరు. గాయకులిద్దరికిని ఆ కూర్పు జరిగినట్లు ముందుగా తెలియదు. 1966 జనవరి 1వ తేదీనాటికి ఆ పాట అమెరికాలో మొదటి స్థానమున నిలిచెను. పాడినవానిని అడుగక పాటకు మద్దెల కట్టుట న్యాయమా యని ప్రశ్నింపవచ్చును. అడిగియుండినచో సైమన్ అంగీకరించెడివాడు కాడేమో. అప్పుడీ వ్యాసమునకు విషయమే లేకపోయెడిది.

దర్శకుడు మైక్ నికోల్స్ 1931లో బెర్లిను నగరమున జన్మించి, హిట్లరు పాలననుండి తప్పించుకొని 1939లో ఏడేండ్ల బాలుడుగా అమెరికాకు చేరినవాడు. ఛార్లెస్ వెబ్ 1963లో ప్రకటించిన నవలను ఆధారము చేసికొని ఆయన ‘ది గ్రాడ్యుయేట్’ చిత్రమును చేపట్టెను. పట్టా పుచ్చుకొని ఇల్లు చేరిన యువకునికి ముందేమి చేయవలెనో తోచదు. తండ్రి మిత్రుని భార్యయగు శ్రీమతి రాబిన్సన్ వలలో చిక్కి, పిదప ఆమె కుమార్తెనే ప్రేమించును. చిత్రీకరణ సాగుచున్న దినములలో నికోల్స్ ప్రతి ఉదయమును ఈ జంట రికార్డులు వినుచుండెడివాడట. కూర్పరి శామ్ ఓస్టీన్‌తో కూర్చుండి దృశ్యములను అమర్చునప్పుడు, క్రొత్త పాటలు వచ్చువరకు ఉండనిమ్మని ఆ పాత పాటలనే తాత్కాలికముగా పెట్టించెను. సైమన్ క్రొత్తగా ఇచ్చిన రెండు పాటలు ఆయనకు నచ్చలేదు. తుదకు ఆ తాత్కాలికములే నిలిచిపోయెను. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు, తాత్కాలికపు ఏర్పాటు శాశ్వతమగుట వింతగా తోచదు. ఇక్కడ మాత్రము దానివలన కళకు మేలు కలిగినది.

పాత పాటలు పెట్టుట ఎందుకు మేలైనది? చిత్రము కొరకు వ్రాసిన పాట కథను అనుసరించును. ఏమి జరిగినదో అది చెప్పును. కథను ఎరుగక పుట్టిన పాట కథకు దాసి కాదు. అది ప్రక్కన నిలిచి చూచును. 1952 నాటి ‘హై నూన్’లోను తెర వెనుకనుండి ఒక గాయకుడు పాడును. కాని ఆ పాట ఆ కథ కొరకే కట్టినది. ‘ది గ్రాడ్యుయేట్’ ప్రారంభమున బెంజమిన్ విమానాశ్రయములో కదలు దారిపై నిలుచుండి, తాను అడుగు వేయకయే ముందునకు కొనిపోబడుచుండును. ముఖమున ఏ భావమును లేదు. అప్పుడు ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ మొదలగును. రెండవసారి అదే పాట, ఈత కొలనును హోటలు గదిని ఒకదానిలోనొకటి కరగించి చూపు దృశ్యములపై వచ్చి, విరామము లేక ‘ఏప్రిల్ కమ్ షి విల్’ అను పాటలోనికి జారును. నెలలు గడచుచుండగా ఒక ప్రేమ చిగిర్చి వాడుట ఆ చిన్న పాటలోని విషయము. దానిని గార్ఫంకెల్ ఒక్కడే పాడెను. ఒక వేసవి యంతయు సోమరితనమున కరగిపోయిన సంగతి సంభాషణ లేకయే మనకు తెలియును.

మూడవసారి చిత్రాంతమున. పెండ్లిపీటల మీదినుండి పిల్లను తీసికొనిపోయి, ఇద్దరును బస్సు ఎక్కి వెనుక సీటులో కూర్చుందురు. నవ్వుదురు. నవ్వు మెల్లగా చల్లారును. ఇక నేమి చేయవలెనో ఇద్దరికిని తెలియదు. నికోల్స్ కెమేరాను ఆపక తిప్పించుటచే, నటుల ముఖములలో ఆ తోచనితనము సహజముగా పట్టుబడినది. మొదటి దృశ్యపు పాటయే మరల వినబడగా, ఈ సాహసము వలన మారినదేమున్నదని ప్రేక్షకునికి శంక కలుగును. ఈ చిత్రములో పాట చేసిన పనులన్నింటిలోను ఇదియే గొప్పదని నేను తలంతును.

‘స్కార్‌బరో ఫెయిర్’ సంగతి వేరు. అది సైమన్ వ్రాసినది కాదు. ఇంగ్లండులోని యార్క్‌షైరు తీరమున స్కార్‌బరో అను పట్టణము కలదు. అక్కడ మధ్యయుగములో జరిగిన సంతకు 1253లో రాజశాసనము లభించెను. ఆ సంత పేరు మోసిన పాట ఇంగ్లీషు జానపదుల పాతపాటలలోనిది. అసాధ్యమగు పనులు చేసి చూపినగాని ప్రేమను నమ్మనని ఒకరినొకరు పరీక్షించుకొను ప్రేయసీప్రియుల సవాళ్లు అందున్నవి. మన పల్లెలలోని సవాలు జవాబు పాటలను ఎరిగినవారికి ఆ తీరు క్రొత్తగా తోచదు. లండనులో 1965లో మార్టిన్ కార్థీ అను జానపద గాయకుడు గిటారుపై ఆ పాటను వాయించు తీరును సైమన్ నేర్చుకొనెను. దానికి తన పాత యుద్ధవ్యతిరేక గీతమును ప్రతిస్వరముగా అల్లి 1966లో రికార్డు చేసెను. రికార్డుపై కార్థీ పేరు గాని, అది పరంపరాగతమను మాట గాని లేదు. ఆ మనస్తాపము చాల కాలముండెను. 2000వ సంవత్సరమున లండను వేదికపైకి సైమన్ కార్థీని పిలిచి, ఇద్దరును కలిసి ఆ పాట పాడిన పిదప తీరెను. జానపదుని సొత్తు ఎవరిదను ప్రశ్న మన దేశమునను ఉన్నదే. చిత్రములో ఈ పాట బెంజమిన్ బర్కిలీలో ఎలెయిన్ వెంట తిరుగు దృశ్యములపై వచ్చును. అన్నట్లు, బర్కిలీకి పోవు అతని ఎఱ్ఱ కారు బే వంతెన పై అంతస్తు మీద పోవుచుండును. ఆ అంతస్తుపై వాహనములు సాన్ ఫ్రాన్సిస్కో వైపునకే పోవును. కథానాయకుడు ఎదురుదిక్కున పోవుచున్నాడని ఆ ఊరివారు నేటికిని నవ్వుకొందురు.

ఇక ‘మిసెస్ రాబిన్సన్’. సైమన్ అప్పుడు ‘మిసెస్ రూజ్‌వెల్ట్’ అను పేరుతో ఒక పాటను సగము కట్టియుండెను. రూజ్‌వెల్టు స్థానమున రాబిన్సన్ చేరెను. తూకము చెడలేదు. చిత్రములో ఆ పాట పూర్తిగా లేదు. చరణములకు మాటలు కుదురకముందే దానిని వాడుకొనిరి. బెంజమిన్ కారులో పెట్రోలు తరిగిపోవుచుండగా గిటారు మీటులును వెనుకబడి, తడబడి ఆగును. ఈ చమత్కారము పూర్తిపాటతో సాధ్యమయ్యెడిది కాదు. పూర్తిపాట 1968 ఏప్రిలులో వెలువడి జూనులో మొదటి స్థానమునకు వచ్చెను. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీలు హతులైన వసంత మది. పాటలో జో డిమాజియో అను బేస్‌బాల్ వీరుని ప్రస్తావన కలదు. దేశమునకు ఆదర్శపురుషులెక్కడికి పోయిరను వెదుకులాట అది. తాను బ్రతికియే యుండగా ఎక్కడికి పోయితినని అడుగుట ఏమని డిమాజియో మొదట విస్తుపోయెనట. 1999లో ఆయన గతించిన పిదప న్యూయార్కు క్రీడామైదానములో సైమన్ ఆ పాటను ఒంటరిగా పాడి శ్రద్ధాంజలి ఘటించెను. 1969లో ఆ పాటకు సంవత్సరపు ఉత్తమ రికార్డుగా గ్రామీ బహుమానము లభించెను.

మన దేశమునకు ఈ చరిత్రతో గల చిన్న ముడిని కూడ చెప్పవలెను. 1967 జూనులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో మూడు దినములు జరిగిన సంగీతోత్సవమున మొదటి రాత్రి చివర పాడినవారు ఈ జంటయే. ఆదివారము మధ్యాహ్నము పండిత రవిశంకర్ సితారు, అల్లారఖా తబలా వినిపించిరి. పెన్నెబేకర్ తీసిన ‘మాంటెరే పాప్’ చిత్రములో ఇరువురిని చూడవచ్చును. ఆ చిత్రము ముగియుట రవిశంకర్ వాద్యముతోనే.

1969లో ఛార్లెస్ గ్రోడిన్ దర్శకత్వమున ఈ జంట ఒక టెలివిజను చిత్రము చేసిరి. హాస్యముతో కూడిన పాటకచేరీ వచ్చునని ఎదురుచూచినవారికి, వియత్నాము యుద్ధమును, హతులైన నాయకుల అంతిమయాత్రలును చూపిరి. ఖర్చు పెట్టిన టెలిఫోను కంపెనీ ఆ చిత్రమును చూచి తప్పుకొనెను. అది మరియొకరి ప్రాయోజకత్వమున నవంబరు 30న ప్రసారమయ్యెను.

అదే సంవత్సరము నికోల్స్ ‘క్యాచ్-22’ నవలను చిత్రముగా తీయుచుండెను. అందు గార్ఫంకెల్‌కును సైమన్‌కును వేషములు అనుకొనిరి. కథ పెద్దదగుటచే సైమన్ వేషమును తొలగించిరి. గార్ఫంకెల్ మెక్సికోలో నెలలకొలది ఉండిపోయెను. సైమన్ న్యూయార్కులో ఒంటరిగా పాటలు వ్రాయుచుండెను. ఆ దినములలో పుట్టిన ఒక పాటలో మిత్రుని ‘టామ్’ అను పాత మారుపేరుతో పిలిచి, ప్రయాణము సుఖముగా సాగవలెనని కోరెను. అందు కోపము లేదు. ఒంటరితనము ఉన్నది. 1970 జనవరిలో ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ సంపుటము వెలువడెను. దాని మకుటగీతమును సైమన్ వ్రాయగా గార్ఫంకెల్ ఒక్కడే పాడెను. సభలలో ఆ పాటకు కరతాళధ్వనులు మ్రోగుచుండగా, వ్రాసినవాడు తెరచాటున నిలుచుండి వినెడివాడు. ఆ సంవత్సరమే జంట విడిపోయెను. గార్ఫంకెల్ మరల నికోల్స్ చిత్రములోనే, 1971లో, నటించెను.

పిదప వారు అప్పుడప్పుడు కలిసి పాడకపోలేదు. 1981 సెప్టెంబరు 19న న్యూయార్కు సెంట్రల్ పార్కులో వారి గానము వినుటకు ఐదు లక్షలమంది చేరిరని అంచనా. 2010 జూనులో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నికోల్స్‌కు జీవితసాఫల్య పురస్కారమిచ్చి సన్మానించెను. ఆ సభకు సైమన్, గార్ఫంకెల్ ఇద్దరును వచ్చిరి. గార్ఫంకెల్ కంఠము అప్పటికి అస్వస్థతచే కొంత దెబ్బతినియుండెను. అయినను ఇద్దరును ప్రక్క ప్రక్కన నిలుచుండి, ముందు వరుసలో కూర్చున్న వృద్ధ దర్శకుని యెదుట ‘మిసెస్ రాబిన్సన్’ పాడిరి.