లెక్క సరే, ఆజ్ఞ ఇచ్చేదెవరు?

ఈ రోజు ఒక తీసివేత లెక్కతో మొదలుపెడదాం. ఒక చిన్న అంతరిక్ష నౌక తెలియని గ్రహం మీద కూలింది. మళ్ళీ పైకి లేవాలంటే బరువు తగ్గించాలి, ముగ్గురు మనుషులంత బరువు. లోపల ఉన్నది ఏడుగురు. ఏ ముగ్గుర్ని వదిలేస్తారు?

1967 జనవరి 5న అమెరికా టీవీలో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ ఎపిసోడ్ ‘ది గెలీలియో సెవెన్’ కథ ఇది. నాయకుడు స్పాక్. తర్కమే తప్ప ఆవేశం పనికిరాదనే వల్కన్ జాతివాడు. ఎవరు ఉండిపోవాలో తర్కంతో తానే తేలుస్తానంటాడు. చనిపోయిన లాటిమర్‌ని పూడ్చిపెట్టి నాలుగు మాటలు చెప్పమంటే, అంత టైం లేదంటాడు. అక్కడివాళ్ళని చంపక్కర్లేదు, భయపెడితే వెనక్కి పోతారని లెక్క కడతాడు. వాళ్ళు పోలేదు. గెటానో కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు, ఆపైన నౌక మీదే దాడి జరిగింది.

చివరికి స్పాక్ ఏం చేశాడో చూడండి. మిగిలిన ఐదుగురితో ఎలాగో పైకి లేచాక, ఉన్న కాస్త ఇంధనాన్నీ బయటికి వదిలి అంటించేశాడు. ఆ మంట చూసే ఎంటర్‌ప్రైజ్ వాళ్ళని కాపాడింది. కథ నవ్వులతో ముగుస్తుంది. కానీ ఒకటి గమనించారా? ఫలానా ముగ్గురు ఉండిపోండి అనే ఆజ్ఞ స్పాక్ నోటి నుంచి రావాల్సిన అవసరమే పడలేదు.

1994 ఫిబ్రవరిలో ‘ది నెక్స్ట్ జనరేషన్’లో ‘దైన్ ఓన్ సెల్ఫ్’ వచ్చింది. అందులో డియానా ట్రాయ్ కమాండర్ పరీక్ష రాస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫెయిలే. సాంకేతిక పరిష్కారం కోసం వెతికినంతసేపూ దొరకదు. ఎందుకంటే అక్కడ పరిష్కారం, స్నేహితుడు జోర్డీని చావుకి పంపడమే. పంపింది, పాసయింది. అయితే అది బొమ్మ జోర్డీ, హోలోడెక్‌లో నడిచిన నాటకం.

ఆ స్క్రిప్టు రాసిన రొనాల్డ్ డి. మూరే పదేళ్ళ తర్వాత కొత్త ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’లో ‘33’ అనే ఎపిసోడ్ రాశాడు. 2004 అక్టోబర్‌లో ముందు బ్రిటన్‌లో ప్రసారమైంది. ప్రతి 33 నిమిషాలకీ శత్రువు దాడి. ఎవరికీ నిద్ర లేదు. వెనకబడిపోయిన ఒలింపిక్ క్యారియర్ అనే ఓడ తిరిగొస్తుంది. 1,345 మంది ప్రయాణికుల ఓడ. ఇప్పుడు అందులో అణుబాంబు ఉన్నట్టు సంకేతాలు. ప్రెసిడెంట్ రోస్లిన్ కూల్చమంటుంది, కూల్చేస్తారు. లోపల మనుషులున్నారో లేదో చూసేవాళ్ళకి కూడా తేల్చి చెప్పరు.

ఈ మూడూ వరసగా చూస్తే చరిత్ర కనిపిస్తుంది. 1967లో అదృష్టం నాయకుణ్ణి గట్టెక్కించింది. 1994లో ఆజ్ఞ ఇచ్చినా ఎవరూ చావలేదు. 2004లో ఆజ్ఞ నిజం, లెక్క మాత్రం అనుమానం. ఆ రోస్లినే బ్రతికున్నవాళ్ళ సంఖ్యని బోర్డు మీద తుడిచి, తగ్గించి రాసుకుంటూ ఉంటుంది. ఎపిసోడ్ చివర్లో ఒక బిడ్డ పుడితే ఒకటి కలుపుతుంది. లెక్క తర్కానిదే కావచ్చు, దాన్ని రాయాల్సిన చెయ్యి మాత్రం ఆజ్ఞ ఇచ్చినవాళ్ళదే.

మీరైతే ఆ ఓడని కూల్చేవారా? ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.