రక్తపరీక్షలో ఓ భాగహారం

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊళ్లో సీబీసీ చేయించినా రిపోర్టులో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ శాతాలుంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకె ఎక్కువున్న ఎముక కాన్సర్ రోగులు బతికే అవకాశం తక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. మనలాంటి లెక్కల పిచ్చోళ్లకి ముచ్చటేసే విషయమే!

కణితుల్లో తెల్లకణాలున్నాయని విర్కో 1863లోనే గమనించాడు. కానీ 1970కి ముందు ఈ అంకె తెలిసి మాత్రం ఏం లాభం? కాలు తీసేసినా నూటికి 20 మంది మిగలడమే గగనం. ఆ లెక్క మార్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది అమెరికాలో, లెడర్లీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో తయారైంది. ఆయనేమో 1948లోనే పోయారు. ఎముక కాన్సర్‌కి దాన్ని పెద్ద మోతాదులో వాడింది 1970ల్లో. ఇప్పుడు పాకకముందే దొరికితే నూటికి 60 మందికి పైగా ఐదేళ్లు దాటుతున్నారు.

అన్నట్టు, ఆ అంకె జ్వరమొచ్చినా పెరుగుతుంది. దాన్నిబట్టి కంగారు పడొద్దు. పిల్లాడు వారాల తరబడి మోకాలి నొప్పంటే మాత్రం నాటుకట్టు జోలికెళ్లకుండా ముందు ఎక్స్‌రే తీయించండి.