బాడ్మిన్ మృగం

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, బాడ్మిన్ మూర్ అనే బీడు మిట్టల మీద తిరుగుతోందని 1980ల నుంచి చెప్పుకుంటున్న నల్లటి పెద్ద పిల్లిజాతి జంతువే బాడ్మిన్ మృగం. చూశామన్నవాళ్ల మాటల ప్రకారం అది చిరుతపులి అంత ఉంటుంది. తోక పొడవు, కళ్లు పసుపు, నడక మెత్తన. బ్రిటన్‌లో దాదాపు ప్రతి కౌంటీకీ ఇలాంటి మృగం ఒకటుంది. ప్రభుత్వమే మనుషులను పంపి విచారణ జరిపించింది కాబట్టి బాడ్మిన్ దానికి ఎక్కువ పేరొచ్చింది. అది ఉందని ఇప్పటికీ రుజువు కాలేదు. అలాగని బ్రిటన్ పల్లెల్లో ఇంటిపిల్లి కంటే పెద్దవైన విదేశీ పిల్లిజాతి జంతువులేవీ ఎన్నడూ దొరకలేదనుకుంటే అదీ తప్పే. ప్యూమా దొరికింది, లింక్స్‌లు దొరికాయి. అయితే వాటి వెనక జాడ తీస్తే తేలేది అడవి కాదు, ఎవరిదో పంజరం.

ఈ దీవికి సొంతమైన పిల్లిజాతి అడవి జంతువుల్లో నేడు మిగిలింది స్కాట్లండులోని అడవిపిల్లి ఒక్కటే. అదీ ఇంటిపిల్లులతో కలిసిపోయి అంతరించే దశలో ఉంది. లింక్స్ ఒకప్పుడు ఉండేది గాని, మధ్యయుగాల్లోనే కనుమరుగైంది.

మిట్టలు, గొర్రెలు, సైనికులు

బాడ్మిన్ మూర్ సుమారు 200 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ ఎత్తునేల. అక్కడి ఎత్తైన గుట్ట బ్రౌన్ విల్లీ 420 మీటర్లు ఉంటుంది. చెట్లు తక్కువ. గడ్డి, ఊబినేల, పేర్చినట్టుండే బండల గుట్టలు, మేతకు వదిలిన గొర్రెలూ పొట్టి గుర్రాలూ కనిపిస్తాయి. మంచు దిగితే పట్టపగలు కూడా నాలుగు బారల అవతల ఏముందో తెలియదు. దొంగరవాణా ముఠాల మీద డాఫ్నీ డు మారియే 1936లో రాసిన ‘జమైకా ఇన్’ నవలకు రంగస్థలం ఇదే. అంటే మృగం రాకముందే ఈ చోటికి భయపెట్టే పేరుంది.

మృగం కథ మాత్రం పక్క కౌంటీలో మొదలైంది. 1983లో డెవాన్‌లోని సౌత్ మోల్టన్ దగ్గర ఒక రైతు, మూడు నెలల్లో వందకు పైగా గొర్రెలు పోయాయనీ, వాటి గొంతులు చీల్చి ఉన్నాయనీ చెప్పాడు. పత్రికలు దానికి అక్కడి మిట్టల పేరు మీద ‘ఎక్స్‌మూర్ మృగం’ అని పేరు పెట్టాయి. ‘డైలీ ఎక్స్‌ప్రెస్’ బహుమతి ప్రకటించింది. చివరికి రాయల్ మెరైన్స్ గురికాళ్లు తుపాకులతో మిట్టలెక్కి కాపు కాశారు. వాళ్లలో కొందరు దాన్ని చూశామన్నారు గాని కాల్చింది లేదు. సైన్యం దిగిందన్న వార్తే సగం రుజువులా పనిచేసింది. అక్కడి నుంచి కనబడ్డాయన్న కబుర్లు కార్న్‌వాల్ దాకా పాకాయి.

1995 విచారణ

గొర్రెల నష్టం మీద ఫిర్యాదులు పెరగడంతో వ్యవసాయ, మత్స్య, ఆహార మంత్రిత్వ శాఖ ఇద్దరు నిపుణులను బాడ్మిన్‌కు పంపింది. సైమన్ బేకర్, చార్లెస్ విల్సన్ ఆరు నెలల పాటు పనిచేసి 1995 జులైలో నివేదిక ఇచ్చారు. ఈ గొడవ మొత్తంలో ఇంత ఓపికగా జరిగిన పని మరొకటి లేదనే చెప్పాలి.

వాళ్లు చేసింది చాలా మామూలు పని. జనం తీసిన ఫొటోలు, వీడియోలు ముందు పెట్టుకుని, అవి తీసిన చోటికే వెళ్లి, జంతువు నిలబడ్డ గోడ పక్కన, గేటు పక్కన కొలత కర్ర నిలిపి మళ్లీ అక్కడి నుంచే ఫొటో తీశారు. వీడియోలో చిరుతలా భీకరంగా కనిపించినది భుజం దగ్గర 30 సెంటీమీటర్లు మించలేదు. అంటే బాగా తిన్న ఇంటిపిల్లి. ప్లాస్టర్‌తో పోత పోసిన అడుగుల్లో పిల్లివీ కుక్కదీ తేలాయి తప్ప పులి పంజా లేదు. చచ్చిన గొర్రెల మీద కూడా పెద్దపిల్లి పనే అనదగ్గ గుర్తు దొరకలేదు. గొర్రె ఏ రోగంతో చచ్చినా, ఊరకుక్క తరిమి చంపినా, తెల్లవారేలోగా నక్కలూ కాకులూ బాడ్జర్లూ దాని రూపు మార్చేస్తాయి. ఆ శవాన్ని చూసి ముందు ఎవరు పడగొట్టారో చెప్పడం కష్టం.

నివేదిక తేల్చిన మాట జాగ్రత్తగా రాసింది: పెద్దపిల్లి ఉందనడానికి సరిచూడగల సాక్ష్యం లేదు, లేదని నిరూపించడం కూడా సాధ్యం కాదు. మొదటి భాగం అధికారులకు సరిపోయింది, రెండో భాగం నమ్మేవాళ్లకు. శాస్త్రం ప్రకారం అలా రాయక తప్పదు. కాని పత్రికల చేతికి అంతకంటే పనికొచ్చే వాక్యం దొరకదు.

నివేదిక వచ్చి వారమైనా కాకముందే, బాడ్మిన్ మూర్ మీద పుట్టే ఫోయ్ నదిలో ఒక బాలుడికి కోరలతో సహా పెద్ద పుర్రె దొరికింది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం పరీక్షించి, అది నిజంగానే చిరుతపులిది, వయసులో చిన్న మగదానిది అని చెప్పింది. అయితే పుర్రె వెనక భాగాన్ని నున్నగా కోసేశారు. కత్తితో మాంసం గీకిన గాట్లున్నాయి. తలతో సహా తోలును నేల మీద పరచడానికి తయారుచేసేటప్పుడు చేసే కోత అది. లోపల ఉష్ణమండలపు బొద్దింక గుడ్ల తిత్తి కూడా ఉంది, ఆ బొద్దింక బ్రిటన్ చలికి బయట బతకదు. ఏ వేట సరదా దొరగారి ఇంటి తివాచీయో ఆసియా నుంచో ఆఫ్రికా నుంచో వచ్చి చివరికి నదిలో తేలిందన్నమాట. నదిలో ఎవరు వేశారన్నది తేలలేదు.

అంతకు ముందు

కబుర్లు 1980లలో పుట్టినవి కావు. ఇంగ్లిష్ రచయిత విలియం కాబెట్ ‘రూరల్ రైడ్స్’ (1830) పుస్తకంలో తన చిన్ననాటి సంగతి ఒకటి రాశాడు. సరీలోని వేవర్లీ మఠం శిథిలాల దగ్గర, మధ్యరకం స్పానియల్ కుక్క అంత పిల్లి బోలు చెట్టులోకి దూరడం చూశాడట. ఇంటికెళ్లి చెబితే అబద్ధమని కొట్టారు. తర్వాత కెనడాలో సైనికుడిగా ఉన్నప్పుడు అక్కడి లింక్స్‌ను చూసి, తాను చూసింది అలాంటిదేనని అనుకున్నాడు.

అదే సరీలో 1960లలో ‘సరీ ప్యూమా’ వచ్చింది. గొడాల్మింగ్ పోలీసు స్టేషన్‌లో దానికోసం ప్రత్యేకంగా పుస్తకం పెట్టారు. 1964 సెప్టెంబరు నుంచి 1966 ఆగస్టు వరకు అందులో 362 నమోదులున్నాయి. లండన్‌కు పొరుగున, ఇళ్లూ తోటలూ దట్టంగా ఉన్న కౌంటీలో రెండేళ్లలో అన్నిసార్లు కనబడిన జంతువు ఒక్కసారీ చిక్కలేదు.

ఇంకా వెనక్కి వెళితే పిల్లుల చోట నల్లకుక్కలు కనిపిస్తాయి. 1577లో తూర్పు ఇంగ్లండులోని బంగే చర్చిలో పడిందని చెప్పే ‘బ్లాక్ షక్’ వంటి దెయ్యపు కుక్కల కథలు దేశమంతటా ఉన్నాయి. కోనన్ డాయల్ 1902 నాటి షెర్లాక్ హోమ్స్ నవలలో కుక్కను డెవాన్‌లోని డార్ట్‌మూర్ మిట్టల మీద తిప్పింది కూడా ఆ కథల బలంతోనే. చీకటి దారిలో ఎదురయ్యే నల్లని జంతువుకు ఒక కాలంలో కుక్క రూపం, ఇంకో కాలంలో చిరుత రూపం వచ్చిందని జానపద పరిశోధకులు కొందరు అంటారు. వినడానికి బాగుంది. అయితే 20వ శతాబ్దంలో పిల్లులే ఎందుకు అన్న ప్రశ్నకు దానికంటే నేలమీది జవాబు ఉంది.

పెంపుడు పులుల కాలం

1960లలో బ్రిటన్‌లో సింహం పిల్లను కొనడానికి డబ్బుంటే చాలు, అనుమతి అక్కర్లేదు. లండన్‌లోని హారడ్స్ దుకాణం అడవి జంతువులను అమ్మేది. 1969లో ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు అక్కడే క్రిస్టియన్ అనే సింహం పిల్లను కొని, చెల్సీలోని ఒక ఫర్నిచర్ దుకాణంలో పెంచారు. అది పెరిగి పెద్దదయ్యాక కెన్యాలో సింహాల సంరక్షకుడు జార్జ్ ఆడమ్సన్ దగ్గరికి చేర్చారు. క్రిస్టియన్‌కు దొరికిన అదృష్టం అన్నిటికీ దొరకలేదు. ప్యూమాలు, చిరుతలు, లింక్స్‌లు ఇళ్లలో, పెరళ్లలో, చిన్న ప్రైవేటు జంతుశాలల్లో పెరిగాయి.

1976లో ప్రమాదకర వన్యమృగాల చట్టం వచ్చింది. అలాంటి జంతువును ఉంచుకోవాలంటే స్థానిక కౌన్సిల్ నుంచి లైసెన్సు, తగిన బోను, బీమా కావాలి. ఖర్చు భరించలేనివాళ్ల ముందు మిగిలిన దారులు కొన్నే: జంతుశాలకు ఇచ్చేయాలి, చంపించాలి, లేదా రాత్రివేళ కారులో తీసుకెళ్లి మిట్టల మీద వదిలేయాలి. విదేశీ జంతువును అడవిలో వదలడాన్ని 1981 నాటి వన్యప్రాణుల చట్టం దాకా ఏదీ స్పష్టంగా నిషేధించలేదు. తామే వదిలామని తర్వాతి కాలంలో చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలను సరిచూసే వీలు లేకపోయినా, కొన్ని వదిలేసి ఉంటారన్నది నమ్మదగ్గదే. చిక్కల్లా లెక్క దగ్గర వస్తుంది. చిరుత అడవిలో పదిహేనేళ్లు బతికితే గొప్ప. 1976లో వదిలినవి 1990లు దాటి ఉండవు. నేడూ కనబడుతున్నాయంటే అవి ఒకదాన్నొకటి వెతుక్కుని, జతకట్టి, తరాలుగా పిల్లలను పెంచుతూ ఉండాలి. అలాంటి సంతతికి పదుల సంఖ్యలో జంతువులు కావాలి.

నిజంగా దొరికినవి

1980లో స్కాట్లండులో ఇన్వర్నెస్‌కు నైరుతిన ఉన్న కానిక్ దగ్గర ఒక రైతు బోను పెడితే ఆడ ప్యూమా పడింది. దానికి ఫెలిసిటీ అని పేరు పెట్టి హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్కుకు తీసుకెళ్లారు. అక్కడ చూస్తే అది మనిషికి మాలిమి అయిన జంతువు, గిలిగింతలు పెడితే ఇష్టపడేది. 1985లో చనిపోయాక దాని తోలులో గడ్డి కూరి ఇన్వర్నెస్ మ్యూజియంలో పెట్టారు.

1991లో నార్ఫోక్‌లో ఒక లింక్స్‌ను కాల్చి చంపారు. ఉత్తర లండన్ వాసులు కొన్నేళ్లుగా ‘బార్నెట్ మృగం’ అంటూ ఉంటే విన్నవాళ్లు నవ్వుకున్నారు. ‘నాన్నా పులి’ కథలోలాగే చివరికి నిజంగానే వచ్చింది. 2001లో క్రికిల్‌వుడ్‌లో ఒక ఇంటి తోటలోంచి లింక్స్‌ను మత్తు సూదితో పట్టి లండన్ జూకు చేర్చారు, లారా అని పేరు పెట్టారు. 2016లో డార్ట్‌మూర్ జూ నుంచి ఫ్లావియు అనే లింక్స్ తప్పించుకుని మూడు వారాలకు పైగా తిరిగి మళ్లీ బోనులో పడింది. మరుసటి ఏడు వేల్స్‌లోని ఒక జంతుశాల నుంచి తప్పించుకున్న లిలిత్‌ను కాల్చేశారు.

వీటన్నిటికంటే పాతది బ్రిస్టల్ మ్యూజియంలో ఉంది. డెవాన్‌లో సుమారు 1903లో కాల్చిన ఆ జంతువు వందేళ్లపాటు అరలో పడి ఉంది. 2013లో శాస్త్రవేత్తలు ఎముకలనూ పళ్లనూ పరీక్షించి, అది కెనడా లింక్స్ అనీ, పళ్లు పాడైన తీరును బట్టి చాలాకాలం బంధనంలో బతికిందనీ తేల్చారు. 1976 చట్టానికి ముందూ జంతువులు తప్పించుకునేవన్నమాట.

తప్పుగా దొరికినవీ ఉన్నాయి. 1984లో స్కాట్లండులోని కెల్లస్ దగ్గర చిక్కిన నల్లటి పొడుగు కాళ్ల జంతువు, అడవిపిల్లికీ ఇంటిపిల్లికీ పుట్టిన సంకరమని తేలింది. 2012 ఆగస్టులో ఎసెక్స్‌లోని సెయింట్ ఓసిత్ గ్రామంలో సింహం కనబడిందని సుమారు పాతికమంది పోలీసులు, రెండు హెలికాప్టర్లు, కోల్చెస్టర్ జూ నిపుణులు పొలాలు గాలించారు. మర్నాటికి వెతుకులాట ఆపేశారు. ఊళ్లో టెడ్డీ బేర్ అనే పేరుగల బొచ్చు పిల్లి ఒకటి ఉందని, సింహం బహుశా అదేనని తర్వాత తెలిసింది.

ఉంటే ఏం జరగాలి

తిండికి లోటు లేదు. బ్రిటన్‌లో సుమారు 20 లక్షల జింకలున్నాయని అంచనా. చిరుత బతకలేదన్న వాదం నిలవదు. లోటల్లా ఆనవాళ్లది. ఏటా వేల సంఖ్యలో జింకలూ బాడ్జర్లూ అక్కడి రోడ్ల మీద కార్ల కింద పడుతున్నాయి, చిరుత ఒక్కటీ పడలేదు. చిరుతలు నిజంగా తిరిగే చోట సంగతి వేరు. హైదరాబాద్ దగ్గరి శంషాబాద్ విమానాశ్రయంలో 2024 ఏప్రిల్ చివర చిరుత జాడ తెలిస్తే, అటవీ శాఖ కెమెరాలూ బోన్లూ పెట్టి మే 3న పట్టుకుంది. తిరుమల నడకదారిలో 2023లో బోను వెంట బోనులో చిరుతలు చిక్కాయి. ఎంత దొంగచాటు జంతువైనా మనుషుల మధ్య తిరిగితే వారాల్లో ఫొటోకు చిక్కుతుంది.

నలుపు మీద కూడా వాదముంది. కనబడ్డాయన్నవాటిలో ఎక్కువ నల్లనివే. నల్ల ప్యూమా ప్రపంచంలో ఎక్కడా రుజువు కాలేదు కాబట్టి అవి నల్ల చిరుతలే కావాలి. అడవి చిరుతల్లో నల్లనివి తక్కువ కదా అని సందేహించేవారు అడుగుతారు. ఇక్కడ మాత్రం నమ్మేవాళ్ల జవాబు గట్టిదే. నల్లరంగు అంతర్గత జన్యు లక్షణం కాబట్టి రెండు నల్ల చిరుతలు కలిస్తే పిల్లలన్నీ నల్లవే పుడతాయి. పెంపకానికి నల్లవాటినే ఇష్టపడి కొనుక్కునేవారు కూడా. కాని నల్లని జంతువు సంజవేళ మచ్చలు, గీతలు లేని ముద్దలా కనబడుతుంది. పక్కన కొలతకు ఏమీ లేకపోతే దూరపు నల్లపిల్లికీ, లాబ్రడార్ కుక్కకీ, చిరుతకీ తేడా చెప్పడం అనుభవం ఉన్న కంటికీ కష్టమే.

ఇటీవల వాదం డీఎన్‌ఏ వైపు మళ్లింది. 2012లో గ్లౌస్టర్‌షైర్‌లో రెండు జింక కళేబరాల నుంచి తీసిన నమూనాలను వారిక్ విశ్వవిద్యాలయంలో రాబిన్ ఆలబీ పరీక్షిస్తే నక్క తప్ప తేలలేదు. 2024లో కంబ్రియాలో ఒక గొర్రె కళేబరం నమూనాలో మాత్రం అదే ప్రయోగశాల పాంథెరా ప్రజాతి ఆనవాలు చూసింది. సింహం, పులి, చిరుత, జాగ్వార్, మంచు చిరుత ఆ ప్రజాతిలోవే. ప్యూమా, లింక్స్ అందులోకి రావు. ఇప్పటివరకు నమ్మేవాళ్ల చేతికి వచ్చిన వాటిలో బరువైన సాక్ష్యం ఇదే. ఒక్క నమూనాతో ఒక సంతతి ఉందనలేం. అదే చోట కెమెరాకో బోనుకో ఒక జంతువు చిక్కాలి.

ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి కథలున్నాయి. విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌లాండ్‌లో 2005లో వేటగాడు కాల్చిన భారీ నల్లజంతువు, డీఎన్‌ఏ పరీక్షలో అడవిపాలైన ఇంటిపిల్లి అని తేలింది.

బ్రిటన్‌లో జంతువులను ఇలా వదిలేయడం ఇప్పటికీ ఆగలేదు: 2025 జనవరిలో స్కాట్లండులోని కింగుస్సీ దగ్గర ఎవరో గుట్టుగా లింక్స్‌లను వదిలారు. కనబడ్డాయన్న మరునాడే రెండింటిని, ఆ తర్వాత ఇంకో రెండింటిని ఎర పెట్టి పట్టేశారు. మనుషులకు అలవాటైన జంతువులే కాబట్టి అవి దూరం పోలేదు. ఆ నాలుగింటిలో ఒకటి పట్టుబడ్డ వెంటనే చనిపోయింది. లింక్స్‌ను చట్టబద్ధంగా తిరిగి తేవాలన్న ప్రతిపాదనలు అప్పటికే ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండులోని కీల్డర్ అడవి కోసం పెట్టుకున్న దరఖాస్తును ప్రభుత్వం 2018లో తోసిపుచ్చింది.