తలుపు అవతల ఎవరు? ‘కౌన్’ నుంచి ‘గేమ్ ఓవర్’ దాకా

ఇంట్లో ఒంటరిగా ఒక ఆడమనిషి, బయట ఎవరో ఉన్నారు. ఈరోజు ఈ ఒక్క లైన్ మీద నడిచిన రెండు సినిమాల గురించి మాట్లాడుకుందాం. రెండిటికీ స్పాయిలర్ ఉంది, చూడనోళ్లు ఇక్కడే ఆపేసి చూసి రండి.

మన అనంతపురం పల్లెల్లో ఎండాకాలం కరెంటు పోతే మిద్దె మీద చాపేసుకుని పడుకునేవాళ్లం. పగలంతా తలుపు తెరిచే ఉండేది. అలాంటి చోట ఈ భయం సినిమా భయమే. కానీ వానల్లేక, శెనక్కాయ పంట పోయి, ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సెక్కాయి. ఇప్పుడు మన ఇళ్లల్లోని అమ్మాయిలు అక్కడ రూముల్లో గొళ్లెం రెండుసార్లు చూసుకుని పడుకుంటున్నారు. వాళ్లకిది జానర్ కాదు.

1999 ఫిబ్రవరిలో ‘కౌన్’ వచ్చింది. హిందీ సినిమానే, తీసింది మాత్రం మన రామ్ గోపాల్ వర్మ. (విజయవాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివాడు, మన బ్యాచే!) రాసింది అనురాగ్ కశ్యప్. ఒకే ఇల్లు, ముగ్గురు నటులు, ఒక్క పాట లేదు, గంటన్నర నిడివి. డబ్బుతో కొనలేని భయాన్ని వాన చప్పుడుతో, కాలింగ్ బెల్‌తో తెప్పించారు.

అసలు సీను తలుపు దగ్గరుంది. టీవీలో హంతకుడి వార్త వస్తోంది. మనోజ్ బాజ్‌పాయ్ బెల్లు కొట్టి ఎవరి గురించో అడుగుతాడు. అలాంటోళ్లెవరూ లేరంటుంది ఊర్మిళ. వెళ్లడు. మర్యాదగానే మాట్లాడతాడు, కానీ వెళ్లడు. మళ్లీ బెల్లు. నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే కడుపులో తిప్పుతుంది. వెంటపడేవాళ్లు కత్తితో మొదలుపెట్టరు. ‘లేదు’ అన్న మాటను వినకపోవడంతో మొదలుపెడతారు. ఇంత కరెక్టుగా చూపించిన సినిమా, క్లైమాక్స్‌లో అసలు హంతకురాలు ఆమే అంటుంది. ట్విస్ట్‌గా సూపర్. నాకు మాత్రం అక్కడే తేడా కొట్టింది. గంటన్నర మనం నమ్మిన ఆడదాని భయం ఉత్త నాటకమైపోయింది.

అప్పటి మన కమర్షియల్ సినిమాల్లో బస్టాపు నుంచి కాలేజీ గేటు దాకా హీరో వెంటపడితే అది డ్యూయెట్. చట్టంలోనూ వెంటపడటానికి ప్రత్యేకంగా ఒక సెక్షన్ లేదు. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన, జస్టిస్ వర్మ కమిటీ తర్వాత 2013లో ఐపీసీలో 354డి చేరింది. ఇష్టం లేదని స్పష్టంగా తెలిసినా పదేపదే వెంటపడినా, కాంటాక్ట్ చేసినా, ఆమె నెట్ వాడకంపై నిఘా పెట్టినా నేరమే. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78.

2019 జూన్‌లో ‘గేమ్ ఓవర్’ వచ్చింది. అశ్విన్ శరవణన్ తెలుగు, తమిళంలో ఒకేసారి తీశాడు. హిందీ వెర్షన్‌కి సమర్పకుడు ఎవరనుకుంటున్నారు? అదే అనురాగ్ కశ్యప్. తాప్సీది గేమ్ డిజైనర్ పాత్ర. పాత దాడి తాలూకు గాయంతో చీకటంటేనే వణుకు, పైగా కాళ్లకు కట్టు, వీల్‌చైర్. చాలాసేపు బయట ఎవరూ కనిపించరు. స్లో అని కామెంట్ పెట్టేవాళ్లకి చెప్తున్నా, ఆ స్లోలోనే సినిమా ఉంది. దాడి అయిపోయాక కూడా భయం ఇంట్లోనే కాపురం ఉంటుందని చూపించడానికి టైమ్ పడుతుంది మరి. చివరికి ముసుగులోళ్లు వచ్చినప్పుడు ఆమెకు గేమ్‌లోలాగా మూడు లైఫులు. ప్రతిసారీ పోయిన లైఫ్ నుంచి ఒకటి నేర్చుకుని ఆడుతుంది. ఈసారి ఆమె భయం నిజం, శత్రువూ నిజం. ‘కౌన్’కి 20 ఏళ్ల తర్వాత దొరికిన జవాబు ఇదే అంటాను నేను. గొప్ప సినిమా ఏదంటే మాత్రం, ఇప్పటికీ ‘కౌన్’ తలుపు సీనుకే నా ఓటు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో 1992 నాటి ‘రాత్రి’. హెడ్‌ఫోన్స్ రెడీ పెట్టుకోండి.